పది అడుగుల దూరం: పటమట ఇళ్లలో టీవీ, డెక్కు, రిమోటు

కృష్ణా డెల్టాలో సినిమా చూసేవాడికి బొమ్మ మీద అధికారం చాలాకాలం వరకు లేదు. 1921లో బెజవాడలో మారుతీ సినిమా హాలు వెలసిన తరువాత దశాబ్దాల తరబడి, ఏ ఊళ్లో ఏ బొమ్మ పడాలో క్రమంగా అక్కడి గాంధీనగర్‌లో స్థిరపడిన పంపిణీ కార్యాలయాలు తేల్చేవి; ఆట ఎన్నింటికి మొదలవాలో, విశ్రాంతి ఎప్పుడు ఇవ్వాలో హాలు యజమానీ ఆపరేటరూ చూసుకునేవారు; టికెట్టు కొన్నవాడు నచ్చిన పాటకు ఈల వేసి 'వన్స్ మోర్' అని అరవగలిగేవాడే కాని, రీలును వెనక్కి తిప్పించడం అతని చేతిలో ఉండేది కాదు. ఆ అధికారం 1980లలో వీడియో డెక్కు రూపంలో ఇంటి గడప తొక్కింది. టీవీ, డెక్కు ఒకే పెట్టెలో ఇమిడిన జంట యంత్రం వచ్చాక అది అరచేతిలో పట్టే ఒక నల్లటి పలకలోకి చేరింది. జనం నోట 'రిమోటు'గా స్థిరపడిన ఆ పలక చరిత్రను పటమట వైపు నుంచి పరిశీలిస్తే, అది రెండు దూరాలను దాటించడానికి పనికివచ్చిన సాధనమని తెలుస్తుంది. ఒకటి పడక కుర్చీకీ తెరకూ మధ్య ఉన్న పది అడుగులు. రెండవది డెల్టాలో ఉండిపోయిన తల్లిదండ్రులకూ సముద్రాలు దాటిన పిల్లలకూ మధ్య ఏర్పడ్డ దూరం.

పటమట మొదట విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లే బందరు రోడ్డు పక్కన ఉన్న గ్రామం. 1966లో దాని సరిహద్దున ఆటోనగర్ ఏర్పడి లారీల బాడీలు కట్టేవారు, మెకానిక్కులు, స్పేరుపార్టుల వ్యాపారులు అక్కడికి చేరారు. 1981లో విజయవాడ పురపాలక సంఘం నగరపాలక సంస్థగా మారాక, 1985లో గుణదల, భవానీపురం పంచాయతీలతో పాటు పటమట కూడా నగరంలో కలిసింది. ఊరు కాస్తా పేట అయింది. పొలాలు ప్లాట్లయ్యాయి, పెంకుటిళ్ల స్థానంలో డాబాలు, వాటి వెనుకే అపార్టుమెంట్లు లేచాయి. ఇదే కాలంలో బందరు రోడ్డు మీద కానూరులో 1977లో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల, నగరంలో 1980లో సిద్ధార్థ వైద్య కళాశాల మొదలయ్యాయి. 1965 నాటి అమెరికా వలస చట్టం తరువాత డాక్టర్లుగా, ఇంజనీర్లుగా వెళ్లిన కోస్తా కుటుంబాల పిల్లల వెనుక మరింతమంది బయలుదేరడానికి ఇలాంటి కళాశాలలు దారి వేశాయి. ఉత్తర అమెరికా తెలుగువారి సంఘం, అంటే తానా, తొలి మహాసభ కూడా 1977లోనే న్యూయార్కులో జరిగింది. డెల్టా ఇళ్లలోకి ఎలక్ట్రానిక్ సామాను ఏ దారిన వచ్చిందో తెలుసుకోవాలంటే ఈ ప్రయాణాలను గుర్తుంచుకోవాలి, ఎందుకంటే కొట్లో కొన్న పెట్టెలకు దీటుగా విమానంలో వచ్చిన పెట్టెలు కూడా ఈ చరిత్రను నడిపించాయి.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రసారాలు మొదలుపెట్టింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల సందర్భంగా రంగుల ప్రసారం దేశంలోకి వచ్చింది. అదే దశకంలో వీసీఆర్, అంటే టేపు మీద బొమ్మనూ ధ్వనినీ నింపుకొని మళ్లీ చూపగలిగే యంత్రం, దాని తమ్ముడు వీసీపీ, అంటే నింపడం చేతకాక చూపడం మాత్రమే చేసే యంత్రం, తెలుగు ఊళ్లలోకి ప్రవేశించాయి. ఈ రెండింటినీ జనం విడదీయకుండా 'డెక్కు' అన్నారు. సొంతంగా కొనగలిగినవారు కొద్దిమందే కాబట్టి డెక్కు మొదట అద్దె వస్తువుగానే డెల్టాకు పరిచయమైంది. పెళ్లికో, శివరాత్రి జాగారానికో, పండగకు వచ్చిన అల్లుడి కోసమో ఒక రాత్రికి టీవీ, డెక్కు, మూడు నాలుగు క్యాసెట్లు కలిపి రిక్షాలో దిగేవి. వాటితో పాటు తీగలు కలిపి, టేపును చదివే 'హెడ్డు' తుడిచి, గీతలు పోయేదాకా మర తిప్పే కుర్రాడు కూడా వచ్చేవాడు. ఆ రాత్రికి ఆపరేటరు అతనే. వాకిట్లో చాపల మీద కూర్చున్న వీధి మొత్తానికి బొమ్మ అతని చేతి మీదుగానే ఆడేది. ఇంటివారిని డెక్కు మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు, ఎందుకంటే టేపు తెగితే నష్టం అతని యజమానిది.

ఈ వీధి ప్రదర్శనలు చట్టం కంట పడకుండా పోలేదు. వీడియో చౌర్యాన్ని అరికట్టడానికి 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి, క్యాసెట్టు మీద హక్కుదారు వివరాలు ముద్రించాలని, సెన్సారు ధ్రువపత్రం అవసరమైన సినిమా అయితే దాని ప్రతిని కూడా చూపాలని నిర్దేశించారు. వీసీఆర్‌తో టీవీ తెర మీద జరిపే బహిరంగ ప్రదర్శన కూడా సినిమా ప్రదర్శన కిందికే వస్తుందని 1993లో లక్ష్మీ వీడియో థియేటర్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వాటి నడుమ మరొక ఏర్పాటు పుట్టింది. ఒక గదిలో డెక్కు పెట్టి, అక్కడి నుంచి డాబాల మీదుగా ఇంటింటికీ తీగ లాగి, నెలకు ఇంత అని వసూలు చేసే కేబుల్ పద్ధతి అది. 1991లో గల్ఫ్ యుద్ధపు వార్తలు, స్టార్ చానళ్లు రాకముందు అనేక పట్టణాల్లో కేబుల్ అంటే ఇదే. ఇంట్లో ఉన్నవాడికి తెర దొరికిందే కాని రిమోటు మాత్రం ఆపరేటరు గదిలోనే ఉండిపోయింది. టేపు మధ్యలో నలిగితే వీధంతా ఒకేసారి గీతలు చూసేది.

జంట యంత్రం ప్రత్యేకత ఇక్కడే ఉంది. టీవీ వేరు, డెక్కు వేరుగా ఉన్న ఇంట్లో డెక్కు నుంచి వచ్చే సంకేతాన్ని పట్టడానికి టీవీలో ఒక చానల్‌ను ప్రత్యేకంగా శ్రుతి చేసి ఉంచుకోవాలి. రెండు స్విచ్చులు వెయ్యాలి, రెండు రిమోట్లు వెతుక్కోవాలి, ధ్వని తగ్గించడానికి ఒకటి, బొమ్మ ఆపడానికి ఇంకొకటి పట్టుకోవాలి. ఒకే పెట్టెలో తెర కిందనే క్యాసెట్టు నోరు అమర్చిన యంత్రంలో ఈ తీగల తంటా లోపలే తీరిపోయింది. క్యాసెట్టు తోస్తే టీవీ దానంతట అదే వెలుగుతుంది. 'ప్లే' నొక్కితే తెర దూరదర్శన్ నుంచి టేపుకు తనే మారుతుంది. టేపు చివరికి వస్తే తనే వెనక్కి చుట్టుకుంటుంది. ఇన్ని పనులను ఒకే రిమోటు చేయించడానికి ఆధారమైన సూత్రం సరళమైనది. ఫిలిప్స్ సంస్థ రూపొందించిన 'ఆర్‌సీ-5' అనే సంకేత పద్ధతిని ఉదాహరణగా తీసుకుంటే, రిమోటు పంపే ప్రతి సందేశంలో ముందు ఒక చిరునామా సంఖ్య, తరువాత ఒక ఆజ్ఞ సంఖ్య ఉంటాయి. టీవీ చిరునామా 0, వీడియో చిరునామా 5. చిరునామా 0కి 16 అనే ఆజ్ఞ వెళితే ధ్వని పెరుగుతుంది. చిరునామా 5కి 53 వెళితే టేపు కదులుతుంది, 54 వెళితే ఆగుతుంది. రెండు వాటాల ఇంటికి ఒకే పోస్టుమాను వచ్చి, కవరు మీద పేరు చూసి ఎవరి ఉత్తరం వారికి ఇచ్చినట్టుగా, ఒకే కాంతి కిరణం రెండు యంత్రాలకూ పని చెప్పేది.

ఆ కిరణం కంటికి కనిపించదు. దూరం నుంచి టీవీని నడిపించాలన్న ఆలోచన అంతకు ముప్పై ఏళ్ల ముందు నాటిది: అమెరికాలో జెనిత్ సంస్థ 1950లో తీగతో కట్టిన రిమోటును అమ్మింది; 1955లో యూజీన్ పాలీ అనే ఇంజనీరు టీవీ నాలుగు మూలలా కాంతిని గుర్తించే కళ్లు పెట్టి, టార్చి వంటి సాధనంతో వాటి మీద వెలుగు పడేలా చేశాడు, కాని కిటికీ ఎండకు కూడా ఆ టీవీ చలించేది; 1956లో రాబర్ట్ ఆడ్లర్ మీట నొక్కితే చిన్న అల్యూమినియం కడ్డీలు మోగి మనిషి చెవికి అందని ధ్వని పుట్టే రిమోటును తెచ్చాడు, దానికి సెల్లు కూడా అక్కర్లేదు. 1970ల చివర నుంచి పరారుణ కాంతి ఈ పనిని స్వీకరించింది. తొలి డెక్కులలో చాలావాటికి తీగ రిమోటే ఉండేది. పటమట డాబాల్లోకి జంట యంత్రాలు చేరే నాటికి తీగ పోయింది.

రిమోటును విప్పి చూస్తే అందులో ఉన్నవి చాలా తక్కువ. పైన రబ్బరు మీటల పరుపు, ప్రతి మీట అడుగున నల్లటి కార్బన్ చుక్క, దాని కింద రాగి గీతల పలక, ఒక చిప్పు, ముందు వైపు పరారుణ దీపం, రెండు పెన్‌టార్చి సెల్లు, మధ్యలో ఎక్కువగా నీలంగానో పసుపుగానో కనబడే చిన్న గింజంత భాగం. ఆ గింజ పేరు సిరామిక్ రెజొనేటర్. చాలా రిమోట్లలో అది సెకనుకు 4,55,000 సార్లు స్పందిస్తుంది, చిప్పు దాన్ని 12తో భాగించి దాదాపు 38 కిలోహెర్ట్జ్ లయను తయారుచేస్తుంది, దీపం ఆ లయలో మిణుకుతుంది. ట్యూబులైటు వెలుగులోనూ, కిటికీ ఎండలోనూ టీవీ తనకు వచ్చిన సందేశాన్ని గుర్తుపట్టేది ఈ లయ వల్లనే. రిమోటు నేల మీద పడితే ముందుగా చెడేది ఆ గింజే: పైకి చెక్కు చెదరదు, లోపల పగులుతుంది, సెల్లు కొత్తవి వేసినా ఉలకదు. రిపేరు తెలిసినవారు దీన్ని కనిపెట్టడానికి వాడిన ఉపాయం ముచ్చటైనది. మీడియం వేవ్ రేడియోను ఏ స్టేషనూ లేని చోట పెట్టి, దాని పక్కన రిమోటు మీట నొక్కితే, గింజ బతికి ఉన్నప్పుడు రేడియోలో 'బర్రు'మనే చప్పుడు వినిపిస్తుంది. పోయి ఉంటే రేడియో మౌనంగా ఉంటుంది. మీటల అడుగున కార్బన్ అరిగినప్పుడు ఒక మీట మాత్రమే పనిచెయ్యకుండా పోతుంది. ఏ మీట ముందు అరిగిందో చూస్తే ఆ ఇంట్లో యంత్రాన్ని దేనికి వాడారో చెప్పవచ్చు.

డెల్టాలో ముందు అరిగినవి చానళ్ల మీటలు కావు. నూరుకు పైగా చానళ్లను ఎంచుకోగల రిమోటు, ఒక్క దూరదర్శన్ తప్ప మరొకటి అందని ఇంటికి వచ్చినప్పుడు అంకెల వరస అలంకారంగానే మిగిలింది. గడియారం పెట్టుకొని, ఫలానా వేళకు ఫలానా కార్యక్రమాన్ని దానంతట అదే రికార్డు చేసుకొమ్మని చెప్పే సౌకర్యం, ఈ యంత్రాలను తయారుచేసినవారు అన్నిటికంటే గొప్పగా చెప్పుకున్నది, ఇక్కడ కరెంటు కోతకు బలి అయింది: కోత పూర్తయి కరెంటు వచ్చేసరికి గడియారం సున్నాల దగ్గర నిలిచి మిణుకుతూ ఉండేది, దాన్ని సరిచెయ్యాలంటే తెర మీద ఇంగ్లీషు జాబితాలో రిమోటుతో నాలుగైదు మెట్లు దిగాలి. వాడుకలో నిలిచినవి ప్లే, రివైండ్, స్టిల్, ధ్వని, ట్రాకింగ్. టేపు మీద ఏటవాలుగా రాసిన గీతల మీదుగా తిరిగే హెడ్డు సరిగ్గా వెళ్లకపోతే తెర అడుగున తెల్లటి చారలు కనిపిస్తాయి. హెడ్డును ఆ గీతకు సరిపెట్టడమే ట్రాకింగ్. చాలా జంట యంత్రాలలో దీనికి విడి మీట ఉండేది కాదు, టేపు ఆడుతున్నంతసేపూ చానల్ పెంచే, తగ్గించే మీటలే ట్రాకింగు పని చేసేవి. అద్దె కుర్రాడు మర తిప్పి చేసిన పనిని ఇప్పుడు ఇంటి ఇల్లాలు కుర్చీ దిగకుండా చేసింది. డెక్కు చరిత్రలో ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు కాని, ఆపరేటరు అనే మనిషి ఇంటి నుంచి వెళ్లిపోయిన క్షణం ఇదేనని గుర్తించడం న్యాయం.

స్టిల్ మీట కథ వేరు. దాన్ని నొక్కితే టేపు ఆగుతుంది కాని, భారత ప్రమాణంలో నిమిషానికి 1,500 సార్లు తిరిగే హెడ్డుల దిమ్మ ఆగదు; ఆగిన బొమ్మ తెర మీద కనబడుతున్నంతసేపూ హెడ్డు టేపును ఒకే చోట గీరుతూ ఉంటుంది. అందుకే దాదాపు ఐదు నిమిషాలు గడిస్తే యంత్రం తనంతట తాను ఆపేస్తుంది. సినిమా చూసేవారికి ఈ మీటతో పెద్ద పని లేదు. దాన్ని నొక్కించింది పెళ్లి క్యాసెట్టు. భుజాన మోసే వీహెచ్ఎస్ కెమెరాతో తీసి, 'మిక్సింగ్' చేసి, అంటే సినిమా పాటలు, పూల చట్రాలు, పేర్లు కలిపి ఇచ్చిన ఆ మూడు గంటల టేపులో ఎవరు ఏ వరసలో నిలబడ్డారో, పెద్దవాళ్లలో ఎవరు వచ్చారో, తలంబ్రాలప్పుడు పెళ్లికూతురు ఎలా నవ్విందో ఆపి చూడవలసిన అవసరం సినిమాలో ఎప్పుడూ రాదు. పెళ్లికి సెలవు దొరకని అన్నకు అమెరికాలో ఆ స్టిల్ మీటే పెళ్లి పందిరి అయింది. తరువాతి కాలంలో పోయిన నాయనమ్మ ముఖం కదిలినది చాలా ఇళ్లలో ఆ టేపులోనే.

అయితే ఆ టేపు అక్కడ నేరుగా ఆడదు. భారతదేశంలో ప్రసారం 'పాల్' పద్ధతిలో, ఒక బొమ్మకు 625 గీతలతో, సెకనుకు 50 అర్ధచిత్రాలతో సాగేది. అమెరికాలో 'ఎన్‌టీఎస్‌సీ' పద్ధతిలో 525 గీతలు, దాదాపు 60 అర్ధచిత్రాలు ఉండేవి. క్యాసెట్టు పెట్టె ఒక్కటే, టేపు వెడల్పు అదే అర అంగుళం, కాని ఒక దేశంలో రాసింది మరొక దేశపు యంత్రానికి అర్థం కాదు. పెళ్లి టేపును ఎన్‌టీఎస్‌సీకి మార్పించి పంపడం, అక్కడి నుంచి మనవడి పుట్టినరోజు టేపు వస్తే పాల్‌కు మార్పించి చూడడం ఈ కారణంగా వీడియో వృత్తిలో ఒక పనిగా నిలిచింది. టేపు కదిలే వేగంలో కూడా తేడా ఉంది: అమెరికాలో మామూలు వేగం సెకనుకు 3.3 సెంటీమీటర్లు, ఇక్కడ 2.3 సెంటీమీటర్లు. అక్కడ 'రెండు గంటలు' అని ముద్రించి అమ్మిన ఖాళీ క్యాసెట్టు ఇక్కడి డెక్కులో మూడు గంటలకు ఐదు నిమిషాలు తక్కువ వరకు నడిచేది. అంటే ఒక నిండు తెలుగు సినిమా, చివరి ఫైటుతో సహా, ఒకే క్యాసెట్టులో పట్టేది; సూట్‌కేసులో ఖాళీ క్యాసెట్లు తెచ్చిన బంధువు మీద గౌరవం పెరగడానికి ఈ లెక్క ఒక్కటీ చాలు.

పిల్లలు తల్లిదండ్రుల కోసం అమెరికా నుంచి జంట యంత్రాన్నే మోసుకొచ్చిన ఇళ్లలో ఇంకొక చిక్కు ఎదురయ్యేది. అది 120 వోల్టుల యంత్రం, ఇక్కడి గోడలో ఉన్నది 230 వోల్టులు, కాబట్టి ముందు బరువైన ట్రాన్స్‌ఫార్మరు కొని పక్కన పెట్టాలి. ఆ ఖర్చు పెట్టాక కూడా దానికి దూరదర్శన్ అందేది కాదు: గీతల లెక్క కుదరక బొమ్మ నిలిచేది కాదు, ధ్వని కోసం అది వెతికే పౌనఃపున్యం ఇక్కడి ప్రసారంలో వేరు. సింగపూరు, గల్ఫు దేశాల నుంచి వచ్చిన 'మల్టీసిస్టమ్' పెట్టెలు, అంటే అన్ని పద్ధతులనూ చదవగలిగినవి, ఈ ఇబ్బందిని దాటాయి. కేవలం అమెరికా కోసం చేసినవి దాటలేకపోయాయి. పటమటలో కూర్చున్న ఆ టీవీ తన నగరంలోనే అందే ప్రసారానికి చెవిటిది, గుడ్డిది. న్యూజెర్సీలోనో టెక్సాస్‌లోనో తీసిన క్యాసెట్టు వేస్తే మాత్రం కళ్లు తెరిచేది. మంచులో మొదటిసారి నడిచిన మనవరాలిని, కొత్త ఇంటి వంటగదిని, కారు దాకా వెళ్లి వెనక్కి తిరిగి చెయ్యి ఊపిన కోడలిని చూపడం ఒక్కటే దానికి తెలిసిన పని. టెలివిజన్ చరిత్రలు దీన్ని యంత్రం వైఫల్యంగా లెక్కవేస్తాయి. ఆ ఇంటి లెక్కలో మాత్రం అది తెచ్చిన పనిని సంపూర్ణంగా నెరవేర్చింది.

అలాంటి ఇళ్లలో రిమోటును కాపాడుకున్న తీరులో ఒక భక్తి కనిపిస్తుంది. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు తీసేవారు కాదు, అది చిరిగితే పాల ప్యాకెట్టు కడిగి తొడిగి రబ్బరు బ్యాండు వేసేవారు. సెల్లు నీరసిస్తే తీసి ఎండలో పెట్టి, అటూ ఇటూ మార్చి, అరచేతిలో రెండు దెబ్బలు కొట్టి మళ్లీ వేసేవారు. ఈ జాగ్రత్తకు బలమైన కారణమే ఉంది. జంట యంత్రాల ముందు భాగంలో నాలుగైదు మీటలు మాత్రమే ఉండేవి. గడియారం, చానళ్ల అమరిక, రికార్డు వేగం, తెర మీది జాబితా, అన్నీ రిమోటుతోనే సాధ్యం, కాబట్టి రిమోటు పోతే యంత్రంలో సగం పోయినట్టే. తరువాత వచ్చిన 'యూనివర్సల్' రిమోట్లు, అంటే అనేక కంపెనీల సంకేతాలను తమలో దాచుకొని అంకెలు నొక్కితే దేనికైనా పనిచేసేవి, జంట యంత్రం దగ్గర తడబడేవి: టీవీ కింద వెతికితే దొరకని సంకేతం చాలాసార్లు వీసీఆర్ జాబితాలో దొరికేది.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చి తెలుగు కార్యక్రమాలు కేబుల్లో పారడంతో అంకెల మీటలకు ఎట్టకేలకు పని దొరికింది; సీడీలు, వాటి వెంట డీవీడీలు వచ్చి క్యాసెట్టును పక్కకు నెట్టాయి. అమెరికా కొట్లలో సిల్వేనియా, ఎమర్సన్ పేర్లతో అమ్మిన జంట యంత్రాలను తయారుచేసిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జులైలో వీసీఆర్ల తయారీని ఆపేసింది. ప్రపంచంలో అప్పటిదాకా వాటిని చేస్తూ వచ్చిన చివరి పెద్ద సంస్థ అదే.

క్యాసెట్లు మాత్రం బీరువాల్లో మిగిలాయి, డెల్టా గాలి వాటిని వదిలిపెట్టలేదు. కాలువల నడుమ, సముద్రానికి దగ్గరగా ఉన్న ఈ నేలలో వానాకాలం తేమకు టేపు చుట్ట అంచున తెల్లటి బూజు పడుతుంది. క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే పిండి చల్లినట్టు కనిపిస్తుంది. దాన్ని శుభ్రం చెయ్యకుండా యంత్రంలో వేస్తే బూజు హెడ్డుకు అంటుకొని ఆ టేపునే కాక తరువాత వేసిన టేపును కూడా పాడుచేస్తుంది. పెళ్లి టేపులను కంప్యూటరులోకి ఎక్కించుకోవాలని వెతికేవారికి ఇప్పుడు టేపు కంటే అది ఆడే యంత్రం, యంత్రం కంటే దాని రిమోటు దొరకడం కష్టం. ఇక్కడ ఒక పాత అలవాటు అనుకోకుండా మేలు చేస్తుంది. పొరపాటున ఎవరూ పెళ్లి మీద సినిమా రికార్డు చెయ్యకుండా క్యాసెట్టు వెనుక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ పలుకును చాలామంది విరిచేసేవారు. పలుకు లేని క్యాసెట్టు లోపలికి తోస్తే, చాలా జంట యంత్రాలు ఏ మీటా నొక్కకుండానే వెలిగి, ఆడి, చివరికి చేరాక వెనక్కి చుట్టుకొని ఆగుతాయి.